తెల్లబడిన పసుపు తాడు

కాశీబుగ్గ రోడ్డు మీద నా గది ముందు ఆగినవాళ్ళు మొదట చూసేది నా కుర్చీని. వెన్ను నిటారుగా ఉండే టేకు కుర్చీ. చేతులు లేవు, దిండు లేదు. మా తాతగారు జీడి ఫ్యాక్టరీ నడిపిన రోజుల్లో అందులో కూర్చుని సరుకు చూసేవారు. ఇప్పుడు అందులోనే కూర్చుని నేను వెబ్‌పేజీలకు ఫొటోలు సిద్ధం చేస్తాను. మెత్తగా ఉండే తిరిగే కుర్చీ కొనుక్కోమని, ఇందులో కూర్చుంటే నడుం పట్టేస్తుందని చాలామంది సలహా ఇచ్చారు. నా నడుం సంగతి నేను చూసుకుంటాను.

ఈ గది ఆ ఫ్యాక్టరీ కాటా గది. వెనక ఉన్న బాయిలరు, పిక్కలు ఎండబెట్టే కళ్ళం, పప్పు ఏరే పెద్ద హాలు అన్నీ చేతులు మారాయి. రోడ్డు వైపున్న ఈ ఒక్క గదే మాకు మిగిలింది. వెనకున్నదంతా కొన్నతను మా తాతగారి దగ్గర పనిచేసిన గుమస్తా కొడుకు. అతన్ని నేను నువ్వు అంటాను. యాభై దాటిన నన్ను అతను అమ్మాయిగోరూ అంటాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వెక్కిరింత ఎంతో తూచి చూడడం ఎప్పుడో మానేశాను. నాకు వచ్చే పనిలో సగం అతనిదే. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేమీ లేదు. పని చేసి తింటున్నాను.

పని అంటే ఏముంది, ఫొటో తీసి పేజీలో పెట్టడమే కదా అనుకుంటారు. ఫోనుతో తీసిన ఫొటో బస్తా అంత బరువుంటుంది. దాన్ని అలాగే పేజీలో పడేస్తే, వజ్రపుకొత్తూరు వైపు తోటల్లో సిగ్నలు ఒక్క గీత వచ్చే చోట అది తెరుచుకోదు. తెరుచుకునేలోగా చూసేవాడు వెళ్ళిపోతాడు. అందుకని వెడల్పు పన్నెండు వందల పిక్సెళ్ళకు కుదిస్తాను. తరువాత బరువు తగ్గిస్తూ పోతాను. పప్పు అంచులు చెదరడం మొదలుపెట్టిన చోట ఆగి, ఒక మెట్టు వెనక్కి వస్తాను. ఫోను పెట్టిన అంకెల పేరు తీసేసి, అది ఏ సరుకో ఆ పేరు పెడతాను. చివరికి ఫొటో వెనక దాగి ఉండే చోట, అందులో ఏముందో రెండు మాటల్లో రాస్తాను. ఎవరు చదువుతారని దాన్ని చాలామంది వదిలేస్తారు. చూపు లేనివాళ్ళకు ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. నేను వదలను. టెక్కలి గ్రానైటు పలక అయినా, మందస స్వీటు దుకాణం అయినా, వెనక ఆ రెండు మాటలు ఉంటాయి.

పోయిన వేసవిలో ఆ గుమస్తా కొడుకు నేరుగా బయటి ఊళ్ళకు అమ్ముకోవడానికి వెబ్‌సైటు పెట్టించాడు. ఫొటోలన్నీ నేనే తీశాను, నేనే సిద్ధం చేశాను, పేజీలోకి ఎక్కించడమూ నాకే అప్పగించాడు. విరగని గుండు పప్పు, రెండుగా విడిన బద్ద, ముక్క, ఒక్కో రకానికి ఒక్కో ఫొటో. వాటి మధ్యలో, అరచేతి నిండా పప్పు పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి ఫొటో.

ఆ మనిషి ఆ హాలులో అందరికంటే పాత కూలి మనిషి. పప్పు రకాలు ఏరడంలో ఆమె చేతిని మించిన చెయ్యి పలాసలో లేదు. అక్కుపల్లి నుంచి ఆటోలో వస్తుంది. భర్త ఇప్పటికీ సముద్రం మీదికి వేటకు వెళ్తాడు. పెళ్ళైన కొత్తలో మా ఫ్యాక్టరీలో పనికి చేరింది, నన్ను చంకనేసుకుని తిప్పింది. మా వైపు అక్కను అప్ప అంటారు, ఆమెను అప్పా అని పిలవడం అప్పటి అలవాటు. ఫొటోకు నిలబెట్టగానే ఆమె చేసిన మొదటి పని, జాకెట్టు లోపలున్న పసుపు తాడును బయటికి తీసి కోక మీద అందరికీ కనబడేలా వేసుకోవడం. తరువాత పమిట సర్దుకుంది. తరువాత చెయ్యి చాపింది.

"ఇప్పుడు తియ్యండి," అంది.

రంగు దిద్దడం ఆఖరి పని. హాలులో కొంత ట్యూబులైటు వెలుగు, కొంత కిటికీ వెలుగు ఉండడంతో ఫొటోలన్నీ పసుపుపచ్చగా వచ్చాయి. దానికి ఒక సాధనం ఉంది. ఫొటోలో తెల్లగా ఉన్న వస్తువు మీద నొక్కితే, ఇది తెలుపు అని కంప్యూటరు తీసుకుని మిగతా రంగులన్నీ దాన్ని బట్టి సర్దుతుంది. నేను జీడిపప్పు మీద నొక్కాను. అంతకుమించి ఆలోచించలేదు. చకచకా అన్ని ఫొటోలకూ అదే సర్దుబాటు పెట్టి ఎక్కించేశాను.

అతను ఫోను చేశాడు. "అమ్మాయిగోరూ, ఏటి మంత్రం ఏసినారండీ! పాలల్లో కడిగినట్టున్నాయి. ఎక్కడెక్కడి నుంచో అడుగుతన్నారు." నేను పొంగిపోలేదు గానీ, కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్న మాట నిజం.

వారం తిరగకుండా అప్ప వచ్చింది. పని మధ్యలో, మధ్యాహ్నం తిండి వేళ. గడపలో నిలబడి కొంగుకు చేతులు తుడుచుకుని, ఫోను నా ముందు పెట్టింది.

"నా మనవరాలు సూపించినాది. మొకం బాగుంది. కోక బాగుంది. మరి ఇదేటి?"

"ఏది అప్పా?"

"నా పసుపు తాడు ఏదమ్మా? మెడకి తెల్ల దారం కట్టీసినారు. మా ముసిలోడు సచ్చిపోనాడేటి?"

నవ్వుతూనే అంది. కళ్ళు మాత్రం నవ్వడం లేదు.

"ఆ పూట పసుపు రాసుకోవడం మరిచిపోయి ఉంటావు," అన్నాను. తప్పు ఎదుటివాళ్ళ వైపు తోసెయ్యడం మాకు వంశంలోనే ఉంది.

"ఓలమ్మా, మరిసిపోతానేటి! మొకం కడుక్కోడం మరిసినా మరిసిపోతాను గానీ అది మరవను. ఫొటో అన్నారని ఆ పూట రెండుసార్లు రాసుకుని వచ్చినాను."

ఆమె గడప దాటి వచ్చి, నా బల్ల పక్కన నిలబడి గొంతు తగ్గించింది.

"ఎల్లుండితో వేట నిషేధం అయిపోతాది. రెండు నెల్లు ఒడ్డునే కూకున్నాడు, ఇంక ఆగమన్నా ఆగడు. ఈ బొమ్మ మా ఊళ్ళో అందరి ఫోన్లలోకీ ఎల్లిపోనాది. మా తోటికోడలు సూసీసి ఏటన్నాదో తెలుసా? అప్పుడే తెంపీసుకున్నావేటే అన్నాది. సరదాకే అన్నాది. నాకు మాత్రం ఆ రోజు నుంచీ అన్నం దిగడం లేదు. ఆడు పడవెక్కకుండా నా పసుపు నాకు తెచ్చీయండి. అంతే. ఇంకేటీ అడగను."

అంటూనే కొంగు ముడి విప్పి ఒక జీడిపప్పు గుండు తీసింది. ఆ హాలులోంచి ఒక్క పప్పు బయటికి తేవడం కూడా తప్పు. నా చూపు గమనించి, "దొంగతనం కాదు, శాంపిలు," అని, ఆ గుండును నా తెర మీద, ఫొటోలోని గుండు పక్కన ఆనించి పట్టుకుంది.

"ఇదీ అదీ ఒకటేనేటి అమ్మాయిగోరూ? ఇయి పప్పులేటి, సున్నం ముక్కలు."

అప్పుడు చూశాను. నిజమైన పప్పు పాలమీగడ రంగులో ఉంది. తెర మీదది సున్నమే. నేను పుట్టినప్పటి నుంచీ ఆ హాలులో విన్న మాట తెల్లగుండు. మంచి పప్పును మా ఊళ్ళో అందరూ తెల్లది అనే అంటారు. నాకు తెలుపు అంటే అదే. అందుకే కంప్యూటరుకు పప్పును చూపించి ఇది తెలుపు అని చెప్పాను. దానికి నా మాట మీద అనుమానం ఎందుకు వస్తుంది? పప్పులో ఉన్న ఆ కొద్దిపాటి పసుపును తీసేసి, ఆ లెక్కనే గోడల్లోంచి, చేతుల్లోంచి, ఆమె మెడలోంచి కూడా పసుపును తీసేసింది. వేరే ఊరివాళ్ళెవరూ ఈ తప్పు చెయ్యరు. కాగితాన్నో చొక్కానో చూసి నొక్కుతారు. పలాసలో పుట్టిన మనిషే జీడిపప్పును చూసి తెలుపు అనుకుంటుంది.

"తప్పు నాదే అప్పా," అన్నాను. ఆ మాట మా ఇంట్లో ఎవరి నోటి వెంటా నేను వినలేదు. అనడం అంత కష్టమేమీ కాదు.

ఆమె వెళ్ళాక పాత ఫొటోలన్నీ మళ్ళీ తెరిచాను. ఏరే బల్ల మీద అంటించిన తెల్ల కాగితం చీటీ ఒకటి మూలన పడింది. దాని మీద నొక్కాను. పప్పు పాలమీగడ రంగుకు వచ్చింది. ఆమె చేతికి నెత్తురు ఛాయ తిరిగి వచ్చింది. మెడలో పసుపు వెలిగింది.

సరుకు అతనిది, పేజీ అతనిది, కనుక చెప్పకుండా మార్చడం పద్ధతి కాదని ఆ సాయంత్రమే గేటు దాటి లోపలికి వెళ్ళాను. ఫొటోలు తియ్యడానికి తప్ప ఆ గేటు దాటి చాలా ఏళ్ళైంది.

"ఏటండీ, నడిసొచ్చినారు? ఫోన్ సేస్తే నానే వద్దును గదా," అని అతను లేచి నిలబడ్డాడు. లేచి నిలబడడం వాళ్ళ నాన్న నేర్పినది. ఫొటోలు చూపించాను. మొహం మారింది.

"పచ్చగా సేసీసినారేటి? పాత సరుకు లాగున్నాది."

"నీ సరుకు రంగే ఇది."

"నా సరుకు రంగు నాకు తెలీదేటి! కొనేవోడికి తెలుపు కావాల. తెలుపు సూసి అడుగుతన్నారు."

"డబ్బా విప్పాక?"

"డబ్బా విప్పేసరికి డబ్బా ఆడింట్లో ఉంతాది," అని నవ్వాడు.

అప్ప సంగతి చెప్పాను. ఆమె భర్త ఎల్లుండి వేటకు వెళ్తున్నాడని కూడా చెప్పాను. అతను కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"పాపం, ఆమె అన్నది నిజమే. అలాగని ఒక్క తాడు కోసం పేజీ అంతా మార్సీమంటే ఎలగండీ? తాడు ఒక్కదానికీ పసుపు పూసీయండి. మీ సేతిలో విద్దే గదా. ఆమెకీ బాగుంటాది, నాకూ బాగుంటాది."

అతను చెప్పినదాంట్లో తెలివి లేకపోలేదు. గదికి తిరిగి వచ్చి చేశాను కూడా. దాచడం ఎందుకు? తాడు చుట్టూ గీత గీసి, ఆ ముక్కకు మాత్రం పసుపు ఎక్కించాను. రెండు నిమిషాల పని. తరువాత ఫొటోను తెర నిండా పెట్టి చూశాను. చెయ్యి నీలంగా ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మెడలో తాడు ఒక్కటే పచ్చగా మెరుస్తోంది. ముత్తైదువ శవానికి పసుపు పూసి పడుకోబెట్టినట్టు ఉంది. దాన్ని చెరిపేశాను.

చెరిపేశాక ఆ కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఆ కుర్చీలో మా తాతగారు ఏం చేసేవారో చెప్పాలి. కొనేవాళ్ళు వస్తే ఆయన డబ్బా మూత తీసి పైనున్న పప్పు చూపించేవారు కాదు. డబ్బాను ఎత్తి నేల మీద పరిచిన దుప్పటి మీద బోర్లించేవారు. అడుగున ఉన్నది పైకి వచ్చేది. చూసుకో అనేవారు. కొత్తవాళ్ళు కంగారుపడేవారు. పాతవాళ్ళు అసలు డబ్బా తెరవమని అడిగేవారే కాదు.

ఆయన పోయాక మా నాన్న ఆ కుర్చీలో కూర్చున్నారు. ఒక ఏడాది పంట బాగా లేదు, పైగా బట్టీలో పప్పు మాడింది. నాన్న అడుగున మాడు పప్పు పోయించి, పైన నాలుగు వేళ్ళ మందాన తెల్లది పరిపించి, మూతలు అతికించి డబ్బాలకు మాటు వేయించారు. లారీ వెళ్ళింది. లారీ తిరిగొచ్చింది. ఆ తరువాత మా డబ్బాను మూత తీసి చూపించినా, బోర్లించినా ఎవరూ కొనలేదు. మా ఇంట్లో మాత్రం తుపాను వల్ల ఫ్యాక్టరీ పోయిందని చెప్పుకుంటాం. తుపాను వచ్చిన మాట నిజమే. అది ఆ మరుసటి ఏడాది వచ్చింది. అది ఒక ఏడాది ముందే వచ్చినట్టు చెప్పుకున్నాం. బంధువులకు చెప్పాం, పెళ్ళిళ్ళలో చెప్పాం, చెప్పీ చెప్పీ మేమే నమ్మాం. ఇన్నాళ్ళూ నేనూ అదే చెప్పాను. ఇక చెప్పను.

ఫొటో అంటే డబ్బా పైపొర. కొనేవాడు చెయ్యి పెట్టి అడుగు చూసుకోలేడు. నా చేత్తో నేను తెల్లది పరచాను. తెలియక పరచినంత వరకూ అది తప్పు. తెలిశాక ఉంచితే అది మా నాన్న చేసిన పని.

మర్నాడు పొద్దున్నే పేజీలో ఉన్న తెల్ల ఫొటోలన్నీ తీసేసి అసలు రంగువి పెట్టాను, వాటి వెనక రాసే మాటల్లో రంగు కూడా చేర్చాను. గుండు, బద్ద, ముక్క, అప్ప. అప్ప మనవరాలి ఫోనుకు కబురు పెట్టాను. పది నిమిషాల్లో అప్పే మాట్లాడింది. "సూసినాను," అంది. కాసేపు గాలి చప్పుడు వినబడింది, పడవల దగ్గర ఉన్నట్టుంది. "మా ముసిలోడికీ సూపించినాను. ఆడికేటి తెలుసు, నీ మొకం లావైపోనాదే అన్నాడు."

పది గంటలకు గుమస్తా కొడుకు వచ్చాడు. నా గదిలో రెండో కుర్చీ లేదు. నిలబడే మాట్లాడాడు.

"సెప్పినాను గదండీ తాడు ఒక్కటీ మార్సమని! మొత్తం పచ్చగా సేసీసినారు. పొద్దున్న నుంచి ఇద్దరు అడిగినారు, సరుకు మారిందేటని."

"మారలేదని చెప్పు. ముందు చూపించింది తప్పు, ఇప్పుడు చూపించేది నిజం అని చెప్పు. తప్పు నాదని చెప్పు, నా పేరు చెప్పు."

"మీ పేరు!" అన్నాడు. అప్పుడు అతని మొహంలో ఎన్నాళ్ళ నుంచో దాచిపెట్టుకున్నది బయటికి వచ్చింది. "మీ పేరుకి నా దగ్గర ఇలువేటండీ? మీ నాన్నగోరు డబ్బాల్లో ఏటి పోయించినారో మాకు తెలీదేటి? ఆ డబ్బాలకి మాటేసింది మా నాన్న. ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం ముట్టలేదు. ఈ పొద్దు మీరు నాకు నిజం సెప్తారా?"

రోడ్డు మీద బస్సు వెళ్ళింది.

"తెలుసు," అన్నాను. "మా నాన్న ఏం చేశారో నాకు తెలుసు. మీ నాన్న మాటు వేశాడని మాత్రం ఇప్పుడే తెలిసింది. అన్నం ముట్టని మనిషి కొడుకువి, నన్ను తెల్లది పరచమంటావా?"

"వ్యాపారం మీకు తెలీదండీ," అన్నాడు. "నా పేజీ తాళం నాకిచ్చీయండి. ఇశాపట్నంలో ఎవడి సేతో సేయించుకుంతాను."

పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి, అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో రెండుసార్లు చూసి ఇచ్చాను. "నీ పేజీ, నీ ఇష్టం. నా చేత్తో మాత్రం కాదు," అన్నాను. అతను కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అలవాటు చొప్పున వస్తానండి అమ్మాయిగోరూ అని, అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చినట్టు విసురుగా వెళ్ళిపోయాడు.

నాకు వచ్చే పనిలో సగం ఆ గడప దిగి వెళ్ళిపోయింది. మిగిలిన సగం టెక్కలి గ్రానైటు. రాయి తన రంగు తాను చెప్పుకుంటుంది, దానితో నాకు పేచీ లేదు.

వారం తరువాత ఆ పేజీ తెరిచి చూశాను. తెల్ల ఫొటోలు తిరిగి వచ్చాయి. గుండు సున్నంలా ఉంది, బద్ద సున్నంలా ఉంది. మధ్యలో అప్ప ఫొటో మాత్రం నేను పెట్టినదే. మెడలో పసుపు, చేతికి నెత్తురు ఛాయ, అరచేతిలో పాలమీగడ రంగు పప్పు.

అప్ప ఒకరోజు తిండి వేళ వచ్చి సంగతి చెప్పింది. "ఇశాపట్నపోడు అన్నీ మార్సీసి, ఇది కూడా మార్సీమంటారా అని అడిగినాడంట. ఆ ఒక్కటీ ఒగ్గీరా, మడిసి సముద్రం మీదున్నాడు అన్నాడంట మా షావుకారు. ఎంతైనా గుమస్తా బాబు కొడుకు."

ఆమె పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకు తెలియనిది నాకు తెలుసు. ఆ పేజీలో సున్నం ముక్కల వరుసలో, ఆమె అరచెయ్యి ఒక్కటే బోర్లించిన డబ్బా. కాస్త చూపున్న ఎవడైనా దానికీ పక్కవాటికీ మధ్య తేడా ఏమిటని అడుగుతాడు. అడిగినవాడికి ఏం చెప్పుకుంటాడో అతని ఇష్టం.

ఇంకొకటి కూడా ఉంది. విశాఖపట్నం అబ్బాయి ఫొటోలు మార్చాడు గానీ, వాటి వెనక నేను రాసిన మాటలు మార్చలేదు. అవి ఉన్నాయని చూసుకోలేదు. ఆ తెల్ల ఫొటోలు ఒక్కొక్కదాని వెనకా ఇప్పటికీ నా మాటే ఉంది: పలాస జీడిపప్పు, గుండు, పాలమీగడ రంగు. చూపు లేనివాళ్ళకు ఆ పేజీ రోజూ అదే చదివి వినిపిస్తోంది.

గుమస్తా కొడుకు ఈ గది ముందు నుంచి రోజుకు నాలుగుసార్లు వెళ్తాడు. బాగున్నారా అమ్మాయిగోరూ అంటాడు. బాగున్నాను, నువ్వెలా ఉన్నావు అంటాను. ఫొటోల వెనక ఉన్న మాటల సంగతి అతనికి నేను చెప్పలేదు. అడిగితే చెబుతాను.